వంద టిక్కీలు మోసే హెలికాప్టర్

(గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయ హాల్లో, వైమానిక దళంలో హెలికాప్టర్ మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఒకాయన ఎంఐ-17 అనే హెలికాప్టర్ గురించి చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? ఆ పెడస్టల్ ఫ్యాన్ కాస్త తగ్గించు బాబూ. హెలికాప్టర్ గురించి చెప్పేటప్పుడు హెలికాప్టర్ మోత కూడా పెట్టాలని లేదు.

నన్ను ఇక్కడికి పిలిచిన మాస్టారు అర్ధగంటలో ముగించమన్నారు. ప్రయత్నిస్తాను. ముందు మీకో చెక్కముక్క ఇస్తున్నాను. దీని మీద రెండు బోల్టులు, వాటి మధ్య మెలితిప్పిన సన్నటి తీగ ఉన్నాయి. ఇంట్లో నేనే చేసుకొచ్చాను. ఒకరి తరవాత ఒకరు చూసి పక్కకివ్వండి. అదేమిటో తరవాత చెప్తాను. తీగ మాత్రం గిల్లకండి, గుచ్చుకుంటుంది.

ఇక్కడ ఎంతమందికి బెజవాడ సింగ్‌నగర్ వైపు చుట్టాలున్నారు? చూశారా, సగం చేతులు లేచాయి. మా చెల్లెలు కూడా అటే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వచ్చి మీద పడ్డప్పుడు, కింద ఇల్లంతా మునిగిపోయి, మేడ మీద రెండు రాత్రులు ఉన్నారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. పైన వైమానిక దళానివి, నౌకాదళానివి హెలికాప్టర్లు తిరుగుతూ అన్నం పొట్లాలు, నీళ్ళు వదిలాయి. నీళ్ళు తీశాక చెల్లెలు నన్ను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అన్నయ్యా, నువ్వు పాతికేళ్ళు వాటి దగ్గర పనిచేశావుగా. అది మా మేడ మీదికి దిగొచ్చుగా? అంత పైనుంచి విసిరేస్తే సగం పొట్లాలు నీళ్ళలో పడ్డాయి" అంది.

న్యాయమైన ప్రశ్నే. ఆ వేళ తనకు సమాధానం సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ మీ అందరికీ చెప్తాను.

హెలికాప్టర్ గాల్లో ఎలా నిలబడుతుంది? గాలిని కిందికి తోసి. అంతే, అందులో మాయ లేదు. 10 టన్నుల బండి గాల్లో ఆగాలంటే, 10 టన్నుల బరువును ఎత్తిపట్టేంత జోరుగా గాలిని కిందికి కొడుతూనే ఉండాలి. ఎంఐ-17 రెక్కల చక్రం, మేం రోటర్ అంటాం, అడ్డంగా 21 మీటర్లు ఉంటుంది. అంటే 70 అడుగులు. ఈ హాల్లో పెడితే రెండు పక్కలా గోడలు పగలగొట్టుకుని రోడ్డు మీదికి పోతుంది. ఆ గాలి నీ మేడ మీద పడితే ఏమవుతుంది? వాటర్ ట్యాంకు మూత పోతుంది. పక్కింటి రేకుల షెడ్డు లేచిపోతుంది. ఆ రేకు ఎవరి మెడ మీద పడుతుందో దేవుడికే తెలియాలి. పైగా కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు. కాబట్టి పైలట్ పైనుంచి విసరక తప్పదు. సగం నీళ్ళలో పడతాయని అతనికీ తెలుసు.

సరే, అసలు విషయానికి వద్దాం. మీడియం మల్టీరోల్ హెలికాప్టర్. పేరు వింటే ఏదో పెద్ద టెక్నికల్ మాటలా ఉంది కదా? మన జిల్లాలో దానికి సరైన మాట ఒకటుంది. ట్రాక్టర్.

నవ్వకండి, నిజమే చెప్తున్నాను. ట్రాక్టర్ ఏం చేస్తుంది? దుక్కి దున్నుతుంది. ట్రక్కు తగిలిస్తే మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, యార్డుకి తోలుతుంది. పెళ్ళివారిని ఎక్కించుకుంటుంది. వినాయకుణ్ణి కాలవ దగ్గరికి తీసుకెళ్తుంది. వరదొస్తే జనాన్ని బయటికి లాగుతుంది. ఏ పనికీ అదే బెస్టు కాదు. జనాన్ని ఎక్కించుకోవడంలో బస్సు మేలు, సరుకు తోలడంలో లారీ మేలు. కానీ ఊళ్ళో ఒక్క బండే ఉండాలంటే ఏది కొంటారు? ట్రాక్టరే కొంటారు. ఎంఐ-17 అలాంటిది. సైనికుల్ని మోస్తుంది, ఫిరంగి ముక్కల్ని కింద తాడుకు వేలాడదీసుకుని పోతుంది, స్ట్రెచర్లు కడితే ఆస్పత్రి, రాకెట్లు కడితే యుద్ధ యంత్రం, పెద్ద బకెట్టు కడితే ఫైరింజన్. 2024 ఏప్రిల్లో నైనిటాల్ అడవులు తగలబడితే ఇదే హెలికాప్టర్ చెరువులోంచి బకెట్‌తో నీళ్ళు ముంచుకెళ్ళి పోసింది.

మరి మీడియం అంటే ఎంత? మీరు చేతక్ అని చిన్నది చూసుంటారు. అది రెండు టన్నుల పైచిలుకు. మన ధ్రువ్ ఐదున్నర టన్నులు. చినూక్ 22 టన్నులు దాటుతుంది. మధ్యలో 13 టన్నుల ఎంఐ-17. అది నాలుగు టన్నులు మోస్తుంది. మిర్చి టిక్కీ 40 కిలోలు వేసుకోండి, వంద టిక్కీలు. యార్డులో పనిచేసేవాళ్ళెవరైనా ఉంటే ఊహించుకోండి, వంద టిక్కీలు గాల్లోకి లేస్తాయి.

ఇక దీని పుట్టుక. దీన్ని చేసినాయన సోవియట్ రష్యా ఇంజనీరు మిఖాయిల్ మిల్. ఎంఐ అనే రెండక్షరాలూ ఆయన పేరులోంచి వచ్చినవే. ఆయన 1950ల మొదట్లో చేసింది ఎంఐ-4. దానికి పిస్టన్ ఇంజను, మోటారుసైకిల్ ఇంజను జాతిదే, కాకపోతే 14 సిలిండర్లు. బాగా బరువు. ఆ బరువైన ఇంజన్ని ఎక్కడ పెట్టాలి? ముక్కులో పెట్టారు. పైలట్లు దాని నెత్తిన కూర్చునేవారు. మన దగ్గరా ఎంఐ-4లు ఉండేవి. 1971 డిసెంబరులో మన సైన్యాన్ని మేఘనా నది దాటించింది అవే. వంతెన కూలిపోయి ఉంటే, ఈ హెలికాప్టర్లే వంతెనయ్యాయి. ఢాకా దారి అలా దగ్గరైంది.

తరవాత టర్బైన్ ఇంజన్లు వచ్చాయి. అంతే బలం, బరువు మాత్రం చాలా తక్కువ. మిల్ ఏం చేశాడు? ఇంజన్ని ముక్కులోంచి తీసి ఇంటికప్పు మీద పెట్టాడు. దాంతో ఏమైంది? కింద ఇల్లంతా ఖాళీ అయింది! ముందు నుంచి వెనకదాకా ఒకటే హాలు. 5 మీటర్ల పైన పొడవు, 2.3 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు. వెనక తలుపులు బార్లా తెరిస్తే జీపు లోపలికి ఎక్కుతుంది. నన్నడిగితే ఈ యంత్రం గొప్పదనం ఆ ఖాళీయే. దాని బొమ్మ చూసి కొందరు "కప్పలా ఉందే" అంటారు. నేనేమీ అనుకోను, అందం కోసం దాన్ని ఎవరూ చెయ్యలేదు.

1961లో మొదట ఎగిరిన నమూనాకి ఒకటే ఇంజను. ఒక ఇంజను ఆగినా రెండోదానితో ఇంటికి రావాలని మిల్ పట్టుబట్టి రెండు ఇంజన్లది చేయించాడు. అది 1962లో ఎగిరింది. రెక్కలు నాలుగు ఉండేవి, ఐదు చేశారు. అదే ఎంఐ-8. కజాన్‌లో, తరవాత సైబీరియాలోని ఉలాన్ ఉడేలో తయారయ్యాయి. ఆ కుటుంబం మొత్తం కలిపి 12,000కి పైగా తయారై, ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మన వైమానిక దళంలో ఎంఐ-8కి ప్రతాప్ అని పేరు. 1970ల మొదట్లో వచ్చి, 2017 డిసెంబరులో యలహంకలో ఆఖరిసారి ఎగిరింది. నేను పని నేర్చుకున్నది దాని మీదే.

ఎంఐ-8కీ ఎంఐ-17కీ తేడా ఏమిటి? కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మేం ఒక చిట్కా చెప్పేవాళ్ళం. వెనక నిలబడి తోక చూడండి. తోక మీద చిన్న పంఖా కుడివైపుంటే ఎంఐ-8, ఎడమవైపుంటే ఎంఐ-17. అసలు తేడా మాత్రం ఇంజన్లో ఉంది. పాతదానికి ఒక్కో ఇంజను 1,500 హార్స్‌పవర్, కొత్తదానికి 1,900. ఒళ్ళు అదే, గుండె మార్చారు.

గుండె ఎందుకు మార్చాల్సి వచ్చింది? ఇది మనకి బాగా అర్థమవుతుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి గుంటూరులో మెట్లెక్కి చూడండి, ఆయాసం వస్తుంది. హెలికాప్టర్‌కీ అంతే. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలిని ఎంత తోసినా సరిగ్గా ఎత్తదు. ఎత్తుకు పోయినా గాలి పలచబడుతుంది. లేహ్ విమానాశ్రయమే 10,600 అడుగుల ఎత్తున ఉంది, సియాచిన్ సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ వంద టిక్కీలు మోసే బండి అక్కడ ఎన్ని మోస్తుంది? ఎత్తు పెరిగేకొద్దీ టిక్కీలు దింపేస్తూ పోవాలి. అందుకే బయల్దేరేముందు ఒక లెక్క వేస్తారు. ఇవాళ ఉష్ణోగ్రత ఎంత, దిగే చోటు ఎత్తు ఎంత, తిరిగి రావడానికి ఇంధనం ఎంత కావాలి, అది పోను మోయగలిగే బరువు ఎంత. నేను చూసిన గొడవల్లో సగం ఈ లెక్క దగ్గరే. "ఇంకో ఇద్దర్ని ఎక్కించు" అని కిందవాళ్ళు, "కుదరదు" అని పైలట్. బస్సు కండక్టరు చెప్పినట్టు "సర్దుకోండి, సర్దుకోండి" అంటే అక్కడ చెల్లదు.

ఇప్పుడు వాడుతున్నది ఎంఐ-17 వీ-5. 2008లో 80 కొనడానికి ఒప్పందం జరిగింది, తరవాత ఇంకో 71 కలిపారు. మొత్తం 151. వెనక తలుపుల బదులు ర్యాంపు వచ్చింది, లారీ డాలా దించినట్టు కిందికి దిగుతుంది. అది నేను రిటైరయ్యాక వచ్చింది. లోపలికి ఎక్కి చూశాను గానీ, దాని మీద స్పానర్ పట్టలేదు. కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

ఇప్పుడు నాకు ఇష్టంలేని మాట ఒకటి చెప్పాలి. అన్ని పనులూ చేసే బండితో ప్రమాదం ఏమిటంటే, దానితో అన్ని పనులూ చేయించాలనిపిస్తుంది. ఇంట్లో కూడా చూడండి, ఏ పని చెప్పినా కాదనని కోడలు ఉంటే అన్ని పనులూ ఆమె మీదే పడతాయి. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మగవాళ్ళు నవ్వట్లేదు.

1999 కార్గిల్. శత్రువు కొండల మీద, మనం కింద. ఎంఐ-17లకి రాకెట్లు కట్టి పంపారు. మే 28న తొలోలింగ్ దగ్గర ఒకదాన్ని భుజం మీద పెట్టి పేల్చే క్షిపణితో కూల్చేశారు. నలుగురు పోయారు. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని దారి తప్పించడానికి మండే ఫ్లేర్లు వదులుతారు. ఆ హెలికాప్టర్‌కి అవి లేవు. ఆ తరవాత ఎంఐ-17ని దాడి పని నుంచి తప్పించారు. మళ్ళీ సామాను, మనుషులు, గాయపడ్డవాళ్ళు, ఇవే మోసింది. దాని తప్పా? కాదు. నెమ్మదిగా పోయే పెద్ద బండి అది, పైన ఇంజన్లు పొయ్యిలా కాలుతుంటాయి. ట్రాక్టర్‌కి తుపాకీ కడితే యుద్ధట్యాంకు అవుతుందా? ఆ పనికి వేరే యంత్రం ఉండాలి. ఇప్పుడు మన ప్రచండ్ ఉంది, 2022లో దళంలో చేరింది. అప్పట్లో అలాంటిది లేక దీన్ని పంపారు.

ఆ చెక్కముక్క ఎక్కడిదాకా వచ్చింది? సరే, సరే, చూడనివ్వండి.

ఆ తీగని లాకింగ్ వైర్ అంటారు. హెలికాప్టర్ అంటేనే వణుకు. కూర్చుంటే పళ్ళు కూడా వణుకుతాయి. ఆ వణుకుకి బోల్టులు వాటంతటవే ఊడొస్తాయి. అందుకని ఒక బోల్టు వదులైతే రెండోది బిగిసేలా తీగ మెలితిప్పుతాం. తీగ ఏ వైపు నుంచి వెళ్ళిందో చూడండి. వ్యతిరేకంగా కడితే తీగే బోల్టుని విప్పుతుంది. నా ఉద్యోగంలో మొదటి ఆరునెలలు ఇదే పని, వేళ్ళ నిండా గాట్లు.

ఇంకో సంగతి. రోటర్ కింద పెద్ద గేర్‌బాక్స్ ఉంటుంది. ఇంజను నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటే, రెక్కలు నిమిషానికి 190 సార్లే తిరగాలి. ఆ తేడా అంతా ఈ గేర్‌బాక్స్ మింగుతుంది. దాని నూనెలో అయస్కాంతం ఉన్న ప్లగ్గు ఒకటి పెడతారు. పళ్ళు అరిగితే ఇనుప రజను దానికి అంటుకుంటుంది. ప్లగ్గు విప్పి చూస్తే కాటుకలాంటి మసి ఉందనుకోండి, ఫర్వాలేదు, మామూలు అరుగుదల. పొలుసు కనపడితే మాత్రం గుండె ఆగుతుంది.

ఈశాన్యంలో ఒక వరద డ్యూటీలో ఉన్నాం. తెల్లవారుజామున టార్చిలైటు పెట్టుకుని ప్లగ్గు విప్పాను. మసి మధ్యలో మెరుస్తూ ఒక పెచ్చు. ఎంతుందంటే, చిన్న చేప పొలుసంత. వేలితో తీసి గుడ్డ మీద పెట్టాను. బయట బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి, ఎక్కించడానికి జవాన్లు నిలబడ్డారు. ఒక ఆఫీసరు వచ్చి "ఎగురుతుందా, ఎగరదా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఫారం 700 అని పుస్తకం ఉంటుంది. అందులో మా సంతకం పడితేనే పైలట్ ఎక్కుతాడు. "సార్, నేను సంతకం పెట్టను" అన్నాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. కాళ్ళు వణికాయి, అబద్ధం ఎందుకు. నూనె మార్చాం, నేల మీదే ఇంజను తిప్పాం, మళ్ళీ ప్లగ్గు విప్పాం. మళ్ళీ పొలుసు. గేర్‌బాక్స్ మార్చాల్సి వచ్చింది. ఆ రోజు బియ్యం వెళ్ళలేదు.

ఆ రోజు అది ఎగిరుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఏమీ కాకపోయి ఉండొచ్చు. అవతల ఎవరో మేడ మీద కూర్చుని ఆకాశం వంక చూస్తూ ఉండి ఉంటారు కూడా. మా చెల్లెలు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. అందుకే జవాబు సరిగ్గా రాలేదు.

ఇక కొత్తవి. ఎంఐ-17కి వయసైపోతోంది, విడిభాగాలకి పరాయి దేశం మీద ఆధారపడాలి. మరి మనం చేసుకోలేమా? విమానాలు తయారుచేసే మన ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళు 13 టన్నుల తరగతిలో ఇండియన్ మల్టీరోల్ హెలికాప్టర్, పొట్టిగా ఐఎంఆర్‌హెచ్, అని ఒకటి తలపెట్టారు. 2017లో బెంగళూరు ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో నమూనా చూపించారు. దాని ఇంజను కోసం ఫ్రాన్సు ఇంజన్ల సంస్థ సాఫ్రాన్‌తో కలిసి కంపెనీ పెట్టి, ఆ ఇంజనుకి ఆరావళి అని పేరు పెట్టారు. ఓడల మీద దిగడానికి నౌకాదళానికి వేరే రకం కూడా ఆలోచనలో ఉంది.

ముందు ఇంజను చూసుకోవడం మంచి పని అని నా అభిప్రాయం. ఇందాక చెప్పాను కదా, ఎంఐ-8 ఎంఐ-17 అయ్యింది ఇంజను వల్లే. కానీ ఓపిక పట్టాలి. ధ్రువ్ పని 1984లో మొదలైతే 1992లో ఎగిరింది, 2002లో దళంలో చేరింది. 18 ఏళ్ళు! అంత చేశాక కూడా 2025 జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు పోతే, మొత్తం ధ్రువ్‌లన్నిటినీ నెలల తరబడి ఆపేశారు. స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగిందని తేలింది. స్వాష్‌ప్లేట్ అంటే తిరగలి అనుకోండి. కింది రాయి తిరగదు, పై రాయి తిరుగుతుంది. పైలట్ కర్ర కదిపితే కింది రాయి వంగుతుంది, దాంతోపాటు పై రాయి వంగి రెక్కల్ని వంచుతుంది. అది పోతే పైలట్ చేతిలో ఇంకేమీ ఉండదు.

ఇంకో భయం కూడా ఉంది నాకు. యూరప్ వాళ్ళు నాలుగైదు దేశాలు కలిసి ఎన్‌హెచ్-90 అని ఇదే తరగతిలో చేశారు. 1995లో ఎగిరింది. మంచి యంత్రమే, అంతా కంప్యూటర్ కంట్రోలు. ఏం జరిగింది? ప్రతి దేశమూ "నాకిలా కావాలి, నాకలా కావాలి" అంది. పెళ్ళిలో ప్రతి చుట్టానికీ వేరే వంట చేసినట్టు, ఇరవై రకాలు దాటాయి. విడిభాగాలు దొరక్క, రిపేర్లు ఎక్కువై నార్వే 2022లో ఒప్పందం రద్దు చేసుకుని, హెలికాప్టర్లు తీసుకుపొండి, డబ్బులు తిరిగివ్వండి అంది. ఆస్ట్రేలియా 2023లో వాటిని పక్కనపెట్టి అమెరికా బ్లాక్‌హాక్‌లు కొంటోంది. బ్లాక్‌హాక్ ఎప్పటిది? 1974లో మొదట ఎగిరింది. చూడండి మరి. మన దగ్గర కూడా సైన్యానికి ఒకటి, వైమానిక దళానికి ఒకటి, నౌకాదళానికి ఒకటి, వీఐపీలకి ఒకటి అని మొదలుపెడితే మొదట పోయేది ఆ ఖాళీ హాలే.

ఏమిటమ్మా? గట్టిగా అడుగు. కూనూరులో కూలిపోయిందే, దాని గురించా... అవును. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. 2021 డిసెంబరు 8. జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు మన అప్పటి చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులో ఉన్నాడు. అది ఎంఐ-17 వీ-5. యంత్రంలో లోపం లేదని విచారణలో తేల్చారు. వాతావరణం ఉన్నట్టుండి మారి, హెలికాప్టర్ మేఘంలోకి పోయింది. మేఘంలో పైలట్‌కి ఏది నేల, ఏది ఆకాశం అన్నది కంటికి తెలియదమ్మా. నువ్వు కళ్ళు మూసుకుని గుండ్రంగా తిరిగి ఆగి చూడు, అలా ఉంటుంది. అప్పుడు మీటర్లని మాత్రమే నమ్మాలి. పక్కనే కొండ. రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. మేఘం, కొండ అంటే మన రాష్ట్రంలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పోయింది అందరికీ గుర్తే. అది వేరే హెలికాప్టర్, చిన్నది. ఆకాశం మాత్రం ఒకటే.

మాస్టారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క నిమిషం. ఆ మధ్య కొరిసపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం విమానాలు దిగుతుంటే మీలో చాలామంది వెళ్ళి చూసొచ్చారు కదా? వాటికి నాలుగు కిలోమీటర్ల రోడ్డు కట్టాల్సి వచ్చింది. దీనికి మీ ఊరి హైస్కూలు గ్రౌండు చాలు. కాకపోతే దిగే ముందు ఎవరైనా గ్రౌండులో ఉన్న ప్లాస్టిక్ సంచులు, రేకు ముక్కలు ఏరెయ్యాలి. ఎప్పుడైనా అవసరం పడితే గుర్తుపెట్టుకోండి.

ఆ చెక్కముక్క ఎవరి దగ్గరుంది? ఇటివ్వు నాయనా. అయ్యో, తీగ విప్పేశారా ఎవరో!